వంటయింటి ముచ్చటలు: ఫిల్టరు కాఫీ



కొంతకాలము క్రిందట ఒక సోదరి నాకొక యుత్తరము వ్రాసినది. ఆమెకు వివాహమై యేడాదియైనను గడవలేదు. ఉత్తరము చిన్నదే గాని అందలి బాధ చిన్నది కాదు. "మా యింట పొడి యొకటే, పాలొకటే, పంచదార యొకటే. మా యత్తగారు కలిపిన కాఫీని మామగారు మాటాడక త్రాగుదురు. నేను కలిపిననాడు ఒక గుటక వేసి, గ్లాసు క్రింద పెట్టి, 'ఈ పూట కోడలు కాచినదా?' అని యడుగుదురు. కోపముతో ననరు, నవ్వుచునే యందురు. ఐనను ఆ మాట విన్నప్పుడెల్ల వంటయింటినుండి వెలుపలికి వచ్చుటకు నాకు ముఖము చెల్లదు. నా చేతిలో నేమి లోపమున్నదో చెప్పుడు" అని యడిగినది.

భారతమున దమయంతి, బాహుకుడు వండిన వంటను రుచి చూచి యతడే నలుడని తెలిసికొన్నది. చేతి రుచి యనునది యొకటి కలదని మనవారు ఆనాటినుండియు నమ్ముచున్నారు. నేనును చాలకాలము నమ్మితిని. కాని పదునైదేండ్లుగా ప్రతిదినము తెల్లవారుజామున ఈ పని చేసిన పిమ్మట నాకు తోచినదేమనగా, కాఫీ విషయమున చేతి రుచి యనగా కొలత, కాలము, శుభ్రత అను మూడు మాత్రమే. ఈ మూడును నేర్చుకొనదగినవే. కావున అమ్మాయీ, నీ చేతిని నిందించుకొనకుము. ఒక్కొక్క మెట్టుగా చూతము.

మొదటిది గింజ. కాఫీ మన పురాణములలోని వస్తువు కాదు. 17వ శతాబ్దమున బాబా బుడన్ అను ఫకీరు మక్కాయాత్రనుండి తిరిగి వచ్చుచు అరబ్బుదేశమునుండి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటెనని ప్రతీతి. ఆ కొండలకు నేటికిని ఆయన పేరే. మన తెలుగునాట తూర్పు కనుమలలో, అరకు ప్రాంతమున, గిరిజన రైతులు చెట్లనీడలో కాఫీని పండించుచున్నారు. ఆ నీడచెట్లకే మిరియపు తీగలను ప్రాకింతురు. అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది.

గింజలలో ముఖ్యముగా రెండు జాతులు. అరబికాకు పరిమళమెక్కువ, మృదువైన పులుపు కలదు. రొబస్టాకు చేదును చిక్కదనమును ఎక్కువ. దానిలో నిద్రను పోగొట్టు కెఫీను అరబికాకు ఇంచుమించు రెట్టింపు ఉండును. అంగడిలో 'పీబెరీ' అని అడుగు గింజ వేఱొక జాతి కాదు. సామాన్యముగా కాఫీపండులో రెండు బద్దలు ఎదురెదురుగా నుండును. ఎప్పుడైన ఒక్క గింజయే పెరిగి గుండ్రముగా నుండిన దానిని పీబెరీ యందురు. పాలు పోసి త్రాగు మన కాఫీకి అరబికా మూడు పాళ్ళును రొబస్టా ఒక పాలును కలిపిన పరిమళమును నిలుచును, పాలలో రుచియు మునిగిపోదు.

రెండవది చికోరీ. ఇది కాఫీ కాదు, ఒక మొక్క వేరు. దానిని ఎండించి, వేయించి, పొడి చేయుదురు. దానివలన డికాషనుకు రంగును చిక్కదనమును వచ్చును. పొడిలో నీటిని కొంతసేపు పట్టి నిలుపును గనుక డికాషను నెమ్మదిగా దిగును. మితముగా వేసిన దోషము లేదు. మా యింట నూటికి 20 పాళ్ళు వాడుదుము. 30 పాళ్ళు దాటినచో కాఫీ పరిమళము పోయి, మాడిన బెల్లపు వాసన వచ్చును. కాఫీ చికోరీలు కలిసిన పొడిలో కాఫీ నూటికి 51 పాళ్ళకు తగ్గరాదనియు, ఏది యెంత యున్నదో పొట్లముపై వ్రాయవలెననియు మన దేశపు ఆహార నిబంధనలు చెప్పుచున్నవి. అనగా సగమునకు కొంచెము తక్కువగా చికోరీ యున్నను అది నిబంధనకు లోబడినదే. చికోరీ వెల కాఫీ వెలకంటె తక్కువ గనుక పొట్లముమీది చిన్న యక్షరములను చదివియే కొనవలయును. విడిగా కొన్న పొడిని పరీక్షించుటకు గాజుగ్లాసులో చల్లని నీరు పోసి పైన చిటికెడు పొడి చల్లుడు. కాఫీపొడి కొన్ని నిమిషములు పైననే తేలును. చికోరీ వెంటనే మునుగుచు, వెనుక గోధుమరంగు చారలను విడుచును.

పొడిని ఒక్కసారి నెలకు సరిపడ కొనుట పొదుపుగా కనబడును గాని అది నష్టమే. వేయించిన గింజ పొడియైన క్షణమునుండియు దాని పరిమళము గాలిలోనికి పోవుచుండును. వారమునకు, తప్పినచో పది దినములకు సరిపడ మాత్రము మర పట్టించి, గాలి చొఱని మూతగల డబ్బాలో, పొయ్యికి దూరముగా ఉంచవలయును. తడి చెంచాను అందు ముంచరాదు. పొడి సన్నరవకంటె మెత్తగా, పిండికంటె బరకగా నుండవలెను. వ్రేళ్ళనడుమ నలిపి చూచిన పలుకు తగులవలయును. మఱీ మెత్తనైనచో చిల్లులను మూసివేయును, మఱీ బరకైనచో నీరు పొడిని తాకక జాఱిపోవును.

ఇక ఫిల్టరు. పై గిన్నెకు అడుగున సన్నని చిల్లులు, క్రింద డికాషను చేరు గిన్నె, పొడిని అదుముటకు గొడుగువంటి కాడగల చిల్లుల బిళ్ళ, పైన మూత. ఇంతే యంత్రము. నిప్పు లేదు, కరెంటు లేదు, భూమి యాకర్షణయే పని చేయును. అందుచేతనే దీనికి తొందర పనికిరాదు. ఇత్తడి ఫిల్టరైనచో లోపల కళాయి యుండితీరవలయును. డికాషనులో పులుపు కలదు, అది కళాయిలేని ఇత్తడిని తాకుట మంచిది కాదు.

నలుగురికి కొలత వ్రాయుచున్నాను. పొడి 30 గ్రాములు, అనగా పెద్ద చెంచాతో కుప్పగా నాలుగు. నీరు 180 మిల్లీలీటర్లు. పొడి తన బరువుకు ఇంచుమించు రెండింతల నీటిని త్రాగి తనయందే యుంచుకొనును గనుక దిగు డికాషను 120 మిల్లీలీటర్లు. మనిషికి 30 వచ్చును. దానికి మూడింతలు మొదలు నాలుగింతల వఱకు పాలు.

పొడిని పై గిన్నెలో వేసి, గిన్నెను మెల్లగా తట్టి సమము చేసి, బిళ్ళను పొడిమీద ఆనునట్లు పెట్టవలెను. బలముకొలది అదుమరాదు. నీరు తెర్లినపిదప పొయ్యిమీదనుండి దింపి అర నిమిషమాగి, మొదట పొడి తడియునంత మాత్రమే చుట్టును పోయవలెను. క్రొత్త పొడియైనచో ఉబ్బి బుడగలు వచ్చును. వేయించునప్పుడు గింజలో చిక్కిన వాయువు వెలుపలికి పోవుటయే యా బుడగలు. అది పోయినగాని నీరు పొడిలోనికి చక్కగా దిగదు. అర నిమిషము తర్వాత మిగిలిన నీరు పోసి మూత పెట్టవలెను. పదునైదు మొదలు ఇరువది నిమిషములకు డికాషను దిగును. ఐదు నిమిషములకే దిగినచో పలుచనైనదని యెఱుగుడు. అరగంటయైనను దిగనిచో మూడు కారణములు: పొడి మఱీ మెత్తన, లేదా గట్టిగా అదిమితిరి, లేదా చిల్లులు పూడినవి. ఒక్కొక్కప్పుడు రెండు గిన్నెలును బిగిసి క్రింది గాలి వెలుపలికి పోక డికాషను నిలిచిపోవును. అప్పుడు పై గిన్నెను కొంచెము కదిపిన చాలును.

నేను ఆ సోదరికి ఈ కొలతలన్నియు వ్రాసి పంపితిని. ఆమె మరల వ్రాసినది: "మీరు చెప్పినట్లే చేసితిని. ఐనను ఐదారు నిమిషములకే దిగిపోవుచున్నది, పలుచగానే యున్నది." అప్పుడు నాకొక యనుమానము కలిగి, "మీ అత్తగారును నీవును వాడునది ఒకే ఫిల్టరా?" అని యడిగితిని. కాదట! అత్తగారిది చిన్న పాత ఫిల్టరు, ఆమె దానిని ఎవరిచేతికిని ఇయ్యదు. ఈమెది పుట్టింటివారు సారెతో పెట్టిన స్టీలు ఫిల్టరు, పదిమందికి సరిపోవునది.

రహస్యమంతయు అందే యున్నది. 30 గ్రాముల పొడి చిన్న ఫిల్టరులో అంగుళమునకు పైగా మందముండును. అదే పొడి వెడల్పాటి గిన్నెలో పఱచిన అర అంగుళమైనను రాదు. పలుచని పొరగుండ నీరు పరుగెత్తిపోవును. పొడిలోని సారము నీటిలోనికి వచ్చుటకు వ్యవధి చాలదు. పుట్టింటివారు ప్రేమతో పెద్దది పెట్టిరి. తప్పు వారిది కాదు, కోడలి చేతిదియు కాదు, గిన్నె వెడల్పుది! కావున ఇంటిలోని మనుష్యులను బట్టి ఫిల్టరు కొనవలెను. పై గిన్నె పొడితో మూడవవంతుకు తక్కువ కాకుండ నిండవలెను. పెద్దది పండుగలకును చుట్టములు వచ్చిననాటికిని దాచుకొనవచ్చును. ఆమె నలుగురి ఫిల్టరు నొకటి కొన్నది.

పాలు గుఱించి కొంచెము చెప్పవలెను. మంచి డికాషనును చెడ్డపాలు చెఱచినట్లు మఱేదియు చెఱుపజాలదు. పాలు అప్పుడే పొంగు వచ్చినవై యుండవలెను. ఉదయము కాచిన పాలనే పదిసార్లు మరిగించిన మాడువాసన పట్టి కాఫీ పరిమళమును మ్రింగివేయును. నిలువయుండి పులుపెక్కుచున్న పాలలో వేడి డికాషను పడిన, దానిలోని పులుపు కూడ తోడై పాలు విఱుగును. చుట్టముల యెదుట ఈ యవమానము పడకుండుటకు మొదట ఒక చెంచాడు పాలలో నాలుగు బొట్లు కలిపి చూచుకొనుట మేలు. డికాషనును మాత్రము ఎన్నడును పొయ్యిమీద మరిగింపరాదు. పరిమళము ఆవిరితో పోయి చేదు మాత్రము మిగులును. చల్లాఱినచో వేడినీటి గిన్నెలో దాని గిన్నెను నిలిపి వెచ్చచేయవచ్చును.

గ్లాసులో పంచదార, పైన డికాషను, ఆపైన పొంగుపాలు పోసి, దబరాలోనికి గ్లాసులోనికి రెండు మూడు మాఱులు ఎత్తి పోసిన నురుగు వచ్చును, పంచదార కరగును, నోటికి తగిన వేడియు నిలుచును. అంతకు మించి పోసిన చల్లాఱిపోవును. వేడిమికి తగిన గ్లాసును ముందుగా వేడినీటితో తొలిచి యుంచుట మా యింటి యలవాటు.

పని ముగిసిన వెంటనే పిప్పిని తీసి (అది మట్టితో కలిపి కుళ్ళబెట్టిన మొక్కలకు ఎరువు) ఫిల్టరును వేడినీటితో కడుగవలెను. కాఫీగింజలో నూనె కలదు. అది గిన్నెకు పట్టి నిలిచి కనరెక్కి మఱునాటి డికాషనుకు ముక్కవాసన తెచ్చును. వారమున కొకసారి పై గిన్నెను వెలుతురుకు ఎత్తి చూడుడు. చిల్లులన్నియు నక్షత్రములవలె కనబడవలయును. స్టీలు గిన్నెకు పూడిన చిల్లులున్నచో ఖాళీగిన్నెను కొంచెముసేపు సన్ననిసెగపై కాల్చి, చల్లాఱనిచ్చి కడిగిన అడ్డుపడిన పొడి మాడి రాలిపోవును. సూదితో పొడిచి చిల్లులను పెద్దవి చేయకుడు. కళాయి ఇత్తడిని మాత్రము ఇట్లు కాల్చరాదు, కళాయి కరగిపోవును. వేడినీటిలో నాననిచ్చి మెత్తని కుంచెతో తోమవలెను.

ఇట్లు వ్రాసిన నెలకు ఆ సోదరినుండి మూడవ యుత్తరము వచ్చినది. మామగారు కాఫీ త్రాగి, గ్లాసు బోర్లించి, పత్రిక తీసికొని చదువుకొనుచు కూర్చుండిరట. ఏమియు ననలేదట. మన యిండ్లలో ఆ మౌనమే బహుమానము! ఆమె సంతోషమునకు మేర లేదు. నాకును సంతోషమే. కాని ఆ యుత్తరపు చివర వ్రాసిన యొక వాక్యము నన్ను కలతపెట్టినది: "అందఱికి ఇచ్చినపిదప ఆ పొడిమీదనే మరల నీళ్ళు పోసికొని, ఆ రెండవ డికాషనుతో నేను కలుపుకొని, తొమ్మిది గంటలకు ఇడ్లీతో త్రాగుచున్నాను."

సోదరులారా యని కాదు, సోదరీమణులారా యనియే పిలిచి యడుగుచున్నాను: మనలో నెంతమంది యిట్లు చేయుట లేదు? నేను పండ్రెండేండ్లు చేసితిని. మా వారికి బడివేళ, పిల్లలకు బడివేళ, అత్తగారికి పూజవేళ. అందఱి వేళలును తీఱినపిదప నా వేళ. అది కష్టమని నాకెన్నడును తోచలేదు. రెండవ డికాషనులో రుచి యుండదు. పొడిలోని మంచి సారమంతయు మొదటి నీటితోనే వచ్చును. తర్వాత వచ్చునది చేదును వగరును. చేదు చాలదన్నట్లు దానిని ఫలహారముతో కలిపి, మరల మధ్యాహ్నము భోజనము కాగానే ఇంకొక గ్లాసు త్రాగెడిదానను.

కొన్నేండ్ల క్రిందట నాకు మేడ మెట్లెక్కిన ఆయాసము, తల తిరుగుట కలిగెను. వైద్యురాలు రక్తము పరీక్షింపగా హిమోగ్లోబిను 9 గ్రాములు మాత్రమే యున్నది. స్త్రీలకు 12 గ్రాములకు తగ్గిన రక్తహీనత యందురు. ఇనుపమాత్రలు వ్రాసి యిచ్చి ఆమె యడిగిన మొదటి ప్రశ్న, "కాఫీ ఎప్పుడు త్రాగుదువమ్మా?" అని. నేను చెప్పితిని. ఆమె నవ్వి, "నీవు తిన్న ఆకుకూరలోని యినుమును నీ కాఫీయే ఒంటికి పట్టనీయకున్నది" అన్నది.

ఇది ఊరక చెప్పిన మాట కాదు. కాఫీ టీలలోని వగరు పదార్థములు అన్నములోను పప్పులోను కూరలోను గల యినుమును పట్టుకొని ప్రేగులలో ఇంకనీయవు. 1983లో వెలువడిన యొక పరిశోధనలో, భోజనముతో ఒక కప్పు కాఫీ త్రాగినవారికి ఇనుము ఇంకుట నూటికి 39 పాళ్ళు తగ్గినది. భోజనమునకు గంట ముందు త్రాగినచో తగ్గలేదు, గంట తర్వాత త్రాగినను భోజనముతో త్రాగినంతయే తగ్గినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో వెలువరించిన ఆహారసూత్రములలో, భోజనమునకు ముందు గంటయు తర్వాత గంటయు కాఫీ టీలు మానుమని చెప్పిరి. పై పరిశోధనను బట్టి భోజనానంతరము రెండు గంటలు ఆగుట నాకు మేలుగా తోచుచున్నది. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. ఆంధ్రప్రదేశమున 58.8, తెలంగాణమున 57.6. ఇందుకు కారణములు పెక్కులు, కాఫీ యొక్కటియే కాదు. కాని ఇది మన చేతిలోనున్న కారణము.

ఆ సంస్థవారే 150 మిల్లీలీటర్ల కాఫీలో 80 మొదలు 120 మిల్లీగ్రాముల వఱకు కెఫీను ఉండుననియు, దినమునకు 300 మిల్లీగ్రాములు దాటరాదనియు చెప్పిరి. అనగా రెండు గ్లాసులు చాలును. గర్భిణులకు 200 దాటరాదని పలువురు వైద్యుల మాట. గర్భమున్నప్పుడు కెఫీను దేహమునుండి చాల నెమ్మదిగా పోవును. సామాన్యులకే సగము పోవుటకు సుమారు 5 గంటలు పట్టును గనుక సాయంకాలము ప్రొద్దుపోయి త్రాగిన నిద్ర చెడును. ఇనుపమాత్రను కాఫీతో మ్రింగుట మాత్రను పాఱవేయుటవంటిదే. దానిని నిమ్మరసము కలిపిన నీటితో తీసికొనిన బాగుగా ఒంటబట్టును.

నేను కాఫీ మానలేదు. వేళ మార్చితిని, కొలత మార్చితిని. ఇప్పుడు తెల్లవారి డికాషను దిగినవెంటనే, అందఱితోపాటు కూర్చుండి, మొదటి డికాషనుతోనే నా గ్లాసు త్రాగుదును. ఫలహారము గంటకు పైబడిన తర్వాతనే. మొదటిదినము మా అత్తగారు వింతగా చూచిరి. రెండవదినము ఆమెయే నా గ్లాసులో పంచదార వేసి పెట్టిరి. మాత్రలును ఈ మార్పును కలిసి ఆఱు నెలలకు నా రక్తము 12 గ్రాములకు వచ్చినది.

ఆ సోదరికి నేను వ్రాసిన ప్రత్యుత్తరమిది: "అమ్మాయీ, మీ యింట నలుగురని వ్రాసితివి. మామగారు, అత్తగారు, భర్త, మఱది. నేను లెక్కించితిని. ఆ లెక్కలో నీవు లేవు! రేపటినుండి కుప్పగా ఐదు చెంచాలు వేయుము. నీరు 225 మిల్లీలీటర్లు పోయుము. రుచి చెడకుండుటకు ఇంతకంటె మంచి కొలత నాకు తెలియదు."

మీ యందఱికిని ఇదియే మనవి. పొడి కొలుచునప్పుడు ఇంటివారిని లెక్కింతురు గదా, అప్పుడే మిమ్మును లెక్కించుకొనుడు. ఒక చెంచాడు పొడికి ఏ సంసారమును కూలిపోదు.